ఎలుగుబంటి నెత్తిన చేతులు

కరోనా తర్వాత పార్కులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, ఎండలు ముదరకముందు, కంకిపాడు దాటాక బందరు రోడ్డు పక్కనున్న ఒక వినోద పార్కులో నేను వేషాల విభాగం ఇన్‌ఛార్జిగా చేరాను. పార్కు పేరు ఇక్కడ అనవసరం. అంతకుముందు చాలాకాలం భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. కరోనాలో ఆ స్కూలు మూతపడింది. మెడలో ఈల తప్ప చేతిలో ఏమీ లేని రోజుల్లో ఈ ఉద్యోగం దొరికింది. పిల్లల్ని అదుపులో పెట్టడం, పెద్దవాళ్ళని వరసలో నడిపించడం తెలిసిన మనిషి కావాలన్నారు. ఆ రెండూ నాకు వచ్చు. చేరినరోజు వాళ్ళు చెప్పిన మొదటి మాట ఈల తీసేయమని. ఈల వినపడితే పిల్లలకి స్కూలు గుర్తొస్తుందట.

ఈ పని తెలియనివారికి కొంచెం చెప్పాలి. పార్కుల్లో, మాల్స్‌లో, పెళ్ళి రిసెప్షన్లలో గుమ్మం దగ్గర చేతులూపుతూ నిలబడే ఎలుగుబంట్లనీ కుందేళ్ళనీ మీరు చూసే ఉంటారు. ఆఫీసులో వాటిని మస్కట్ అంటారు. జనం బొమ్మ అంటారు. మేము వేషం అంటాం, లోపలున్న మనిషిని ఆర్టిస్టు అంటాం. ఆర్టిస్టు అనే మాట గౌరవానికి పెట్టిందే గానీ జీతానికి పెట్టింది కాదు.

మా వేషాలన్నిటిలోకీ పేరున్నది బొద్దు అనే గోధుమరంగు ఎలుగుబంటి. ఒంటికి మందపాటి స్పాంజి, దానిమీద బొచ్చుగుడ్డ, ఫైబరు తల, చేతులకి దిండ్లలాంటి పంజాలు. జిప్పు వీపువైపు ఉంటుంది. పిల్లలు లాగినా ఊడకుండా తలని మెడ దగ్గర కొక్కేలతో బిగిస్తాం. అంటే లోపలికి వెళ్ళిన మనిషి తనంతట తాను బయటికి రాలేడు. ఆ పంజాలతో కొక్కేలు విప్పడం మాట అటుంచి, ముక్కు కూడా గోక్కోలేడు. ఎలుగుబంటి నోట్లో నల్లటి జాలీ ఉంటుంది. చూపైనా, ఊపిరైనా అందులోంచే. పైనున్న పెద్ద పెద్ద కళ్ళు ఉత్త అలంకారం. కాళ్ళ దగ్గరున్న పిల్లలు లోపలివాడికి కనపడరు కాబట్టి ప్రతి వేషం పక్కనా ఒక మనిషి నడవాలి. అతన్ని తోడు అంటాం. హోదా ప్రకారం తోడు ఆర్టిస్టుకి పైవాడు, ఇన్‌ఛార్జి తోడుకి పైమనిషి.

లోపలివాడు మాట్లాడకూడదు. పిల్లల ముందు తల తీయకూడదు. ఒక విడతకి మూడు పాటలు మాత్రమే ఆడాలి. లోపల గడియారం కనపడదు గనక కాలాన్ని పాటలతోనే కొలిచేవాళ్ళం. మూడో పాట అయిపోగానే తోడు అతని చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళాలి, కొక్కేలు విప్పాలి, మజ్జిగ ఇచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. ఈలోపే లోపలివాడికి ఇబ్బందైతే దానికొక సైగ ఉంది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకోవడం. ఆ సైగ నేనే ఎంచాను. ఆపదలో చేసే సైగ ఒంటికి సహజంగా వచ్చేదై ఉండాలని డ్రిల్లు నేర్పినవాళ్ళందరికీ తెలుసు. మనవైపు కష్టమొచ్చిన మనిషి ముందు చేసే పని నెత్తిన చేతులు పెట్టుకోవడమే. దాన్ని ఎవరికీ నేర్పనక్కర్లేదు, ఎవరూ మర్చిపోరు.

బొద్దు వేషం జానీ బాషాది. ముప్పై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. భవానీపురంలో మా వీధికి రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. అందుకే పార్కులో మిగతావాళ్ళు నన్ను మేడం అన్నా, అతను మాత్రం టీచర్ గారూ అనేవాడు. వాళ్ళ నాన్న పీర్ల పండక్కి పులివేషం కట్టేవాడట. జానీ కూడా కొన్నేళ్ళు కట్టాడు. పులికీ బొద్దుకీ తేడా ఏమిటని ఒకసారి అడిగితే, "పులికి ఒళ్ళు చూపిస్తామండి. దీనికి ఒళ్ళు దాస్తాం" అన్నాడు. అయినా ఆ స్పాంజి లోపల్నుంచే అతను నడక పలికించేవాడు. అదే వేషంలో ఇంకొకరు నడిస్తే పరుపు నడిచినట్టుండేది. జానీ నడిస్తే ఎలుగుబంటి నడిచేది. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి అతనికి ఇంకో అలవాటు వచ్చింది. జనం వన్స్ మోర్ అంటే కాదనకూడదు, కాదంటే చూసేవాళ్ళని అవమానించినట్టే. పద్య నాటకాలు ఆడిన ఈ నేలమీద ఆ పట్టింపు ఇంకా చావలేదు.

ఆ ఏడాది ఎండలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం, రెండో పాట సగంలో, జానీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నిజంగానే ఊపిరాడక పెట్టుకున్నాడు. అయితే ఎలుగుబంటి చేతులు పొట్టి, తల పెద్దది. పంజాలు చెవులదాకా వచ్చి ఆగిపోయాయి, అతను ఇంకా పైకి ప్రయత్నించాడు. కష్టాల్లో ఉన్న ఎలుగుబంటికి తల పట్టుకోవడం కూడా చేతకాలేదని పిల్లలు పగలబడి నవ్వారు. అతని తోడు సూరిబాబు వెంటనే చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకొచ్చాడు. మేము కొక్కేలు విప్పాం, జానీ తేరుకున్నాడు. పద్ధతి చక్కగా పనిచేసిందని నేను సంతోషించాను.

ఎవరో తండ్రి అది ఫోన్లో తీశాడు. "సోమవారం పొద్దున నేను" అని దాని కింద రాసి ఎవరికో పంపించాడు. వారం తిరిగేసరికి బెజవాడలో ఆ వీడియో చూడనివాళ్ళు లేరు. పార్కుకి వచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బొద్దు ముందు నిలబడి నెత్తిన చేతులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. బొద్దు కూడా పెట్టుకునేదాకా కదిలేవారు కాదు.

మార్కెటింగ్ చూసే ప్రవీణ్ గారు నన్ను ఆఫీసుకి పిలిపించారు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు.

"కావాలని చేయిస్తే ఇలాంటిది రాదు మేడం. దీన్ని బొద్దు స్టెప్పు చేసేద్దాం" అన్నారు.

అది మాకు ఆపద సైగ అని చెప్పాను. అది ఆటలో కలిస్తే ఆటేదో ఆపదేదో తెలియదని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే సైగ మార్చేయండి మేడం. సైగలకేం కరువండీ?" అన్నారు. ఆ మాటకి తడుముకోకుండా జవాబు చెప్పగలిగే తెలివి ఆరోజు ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. మూడో పాటకి ఆ స్టెప్పు ఖాయమైంది. జనాన్ని ఊపెక్కించడానికి తోడు కూడా వాళ్ళవైపు తిరిగి బొద్దుతోపాటు అది చేయాలని ఆర్డరు వచ్చింది. గవర్నర్‌పేటలో బస్సులు మలుపు తిరిగేచోట నెత్తిన చేతులు పెట్టుకున్న ఎలుగుబంటి హోర్డింగు లేచింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి ఎవరో కూడా చెప్పలేం. అందరూ పిల్లల సంతోషం కోసమే చేశారు.

కొత్త సైగ, రెండు చేతులూ గుండెలమీద అడ్డంగా కట్టుకోవడం. రోజూ పొద్దున గేటు తెరవకముందు రేకుల షెడ్డు కింద అందరినీ వరసలో నిలబెట్టి చేయించాను. ఎవరూ తప్పలేదు. జానీ అందరికంటే చక్కగా చేశాడు. చేసి, ఒకరోజు నాతో అన్నాడు.

"చల్లపూట గుర్తుంటుందండి టీచర్ గారూ. లోపల ఉడికిపోతున్నప్పుడు నా పేరే నాకు గుర్తుండదు."

అందుకే రోజూ చేయిస్తున్నానని జవాబిచ్చాను. నా ఉద్యోగంలో ఉన్న జ్ఞానం అంతవరకే. ఒంటికి పుట్టుకతో వచ్చినదాన్ని పొద్దుటి డ్రిల్లుతో మాన్పించవచ్చని స్కూళ్ళన్నీ నమ్ముతాయి, నేనూ నమ్మాను.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె వచ్చింది. డెల్టా ఎండ ఊరికే మాడ్చదు, చుట్టూ ఉన్న కాలవల తేమతో కలిసి ఉడకబెడుతుంది. ఆ ఆదివారం పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. నేను రెండో గేటు దగ్గర ఏనుగు వేషాన్ని లోపలికి పంపిస్తున్నాను. మూడో పాట అయిపోయినట్టు వినపడింది. వెంటనే జనం అరుపులు, మళ్ళీ అదే పాట. వన్స్ మోర్ అన్నారన్నమాట. విడత దాటింది, సూరిబాబు ఎందుకు తీసుకురాలేదని విసుక్కుంటూ అటు నడిచాను.

తర్వాత అందరినీ అడిగి తెలుసుకున్నది ఇదీ. వన్స్ మోర్ అనేసరికి జానీ కాదనలేక అక్కడే నిలబడిపోయాడు. పాట మళ్ళీ మొదలవగానే సూరిబాబు ఆర్డరు ప్రకారం జనంవైపు తిరిగి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అతని వెనకాల జానీ కూడా పెట్టుకున్నాడు. వందలమంది పిల్లలూ పెట్టుకున్నారు. పాట సాగింది. స్టెప్పు అయిపోయినా బొద్దు చేతులు దించలేదు. పిల్లలు కూడా దించలేదు, బొద్దు దించేదాకా ఉండడం వాళ్ళకి పందెం. బొద్దు మోకాళ్ళమీద కూలబడ్డాడు. పిల్లలు కూడా మోకాళ్ళమీద కూర్చున్నారు. కొత్త స్టెప్పు అనుకుని పెద్దవాళ్ళు ఫోన్లు పైకెత్తారు.

నేను చేరేసరికి నాకు కనిపించింది, మైదానం నిండా మోకాళ్ళమీద కూర్చుని నెత్తిన చేతులు పెట్టుకున్న పిల్లలు. ఎలుగుబంటి అందరికంటే ముందుంది. నాకు కూడా ఒక్క క్షణం అది ఆటగానే కనిపించింది. బొద్దు పక్కకి ఒరిగినప్పుడు మాత్రం అర్థమైంది. జానీ అలా పడడు. ఎంత అలసినా ఎలుగుబంటిలాగే కూర్చునేవాడు. ఆ పడింది పరుపు.

నా చెయ్యి ఈల కోసం మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఈల లేదు. జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి సూరిబాబు ఇంకో మనిషిని పిలిచి బొద్దుని తెర వెనక్కి ఈడవబోతున్నాడు. పిల్లల ముందు తల తీయకూడదనేది రూలు. నేను అక్కడే కూర్చుని కొక్కేలు లాగేశాను. తల ఊడొచ్చింది. లోపల జానీ ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. చెమట ఆగిపోయింది. వడదెబ్బలో ఆఖరి మెట్టు అదేనని ఫస్ట్ ఎయిడ్ శిక్షణలో నేను అందరికీ చెప్పేదాన్ని. బొద్దు తల ఊడిందని ముందు వరసలో పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. తడిసిన బొచ్చులో జిప్పు ఇరుక్కుపోతే వీపుమీద వేషాన్ని కత్తెరతో కోశాం. అంబులెన్సు వచ్చేదాకా నీళ్ళు పోస్తూనే ఉన్నాం. పైన స్పీకర్లో ఆ పాట పూర్తిగా అయిపోయాకే ఆగింది.

ప్రతి వేషానికీ రెండు జతలు ఉంటాయి, ఒకటి ఎండలో ఆరుతుంటే ఇంకొకటి ఆడుతుంది. సాయంత్రం ఆటకి రెండో జత వేసుకుని ఇంకొక ఆర్టిస్టు వచ్చాడు. పిల్లలు భయపడ్డారు, బొద్దు బాగానే ఉన్నాడని చూపించాలి అన్నారు ప్రవీణ్ గారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బొద్దు బాగానే ఉన్నాడు.

జానీ బతికాడు. వడదెబ్బకి చిన్నమెదడు దెబ్బతిందనీ, నడకా, మాటా, చేతుల పట్టూ మునుపటిలా రావనీ డాక్టరు చెప్పారు. పార్కు యాజమాన్యం విచారణ జరిపింది. సూరిబాబు తనకిచ్చిన ఆర్డరు తాను పాటించానన్నాడు, అది నిజం. అతన్ని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. చివరికి రెండు విషయాలు తేల్చారు. ఒకటి, ఆర్టిస్టు సంస్థ నిర్ణయించిన సైగ చేయలేదు. రెండు, ఇన్‌ఛార్జి పిల్లల సమక్షంలో వేషం తల తీసింది. రెండోదానికి నన్ను మందలించారు. మొదటిదానికి పడాల్సిన శిక్ష జానీకి ముందే పడిపోయింది. నేను రోజూ పొద్దున వరసలో నిలబెట్టి నేర్పిన సైగే అతని మీద సాక్ష్యం చెప్పింది. జానీ కాంట్రాక్టరు మనిషి కాబట్టి పార్కువాళ్ళు గవర్నర్‌పేటలో ఉన్న కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్ళమన్నారు. అక్కడ పార్కువాళ్ళనే అడగమన్నారు. కొన్నాళ్ళు అలా తిరిగి, జానీ భార్య రమీజా తిరగడం మానేసింది.

సెలవురోజుల్లో నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. జానీ గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేవాడు. మాట ముద్దగా వచ్చేది, అలవాటైతే అర్థమయ్యేది. వెళ్ళిన ప్రతిసారీ అతను అడిగేది ఒక్కటే.

"నేను సైగ చేశాను కదండి, టీచర్ గారూ?"

"చేశావు జానీ. సరిగ్గానే చేశావు" అనేదాన్ని.

"మరి చేయలేదన్నారంటండి."

డబ్బు గురించి గానీ, ఉద్యోగం గురించి గానీ అతను నన్ను ఎప్పుడూ అడగలేదు. తాను పిలిచాడనీ, పిలిచింది నిజమేననీ ఎవరైనా ఒప్పుకుంటే చాలనుకున్నాడు. ఆ ఒప్పుకోవాల్సినవాళ్ళలో నేనొక్కదాన్నే వాళ్ళ గుమ్మం తొక్కాను. నా మాటకి ఆఫీసులో విలువ లేదని అతనికి తెలుసు. స్కూలు వదిలాక వీధిలో వెళ్ళే పిల్లలు బొద్దు లోపలుండేది అతనేనని తెలిసి, బొద్దు అంకుల్ అని నెత్తిన చేతులు పెట్టుకునేవారు. జానీ బదులుగా చేతులెత్తబోయేవాడు. అవి వణుకుతూ భుజాలదాకా వచ్చి ఆగిపోయేవి. పిల్లలు దానికీ నవ్వేవారు. వాళ్ళకేం తెలుసు?

వానలు పడ్డాక రమీజా పార్కుకి వచ్చింది. అప్పటిదాకా ఆమె గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో చీరలు మడతలు పెట్టేది. ఆస్పత్రి చుట్టూ తిరగడంలో ఆ పని పోయింది.

"ఆయన కొలతకీ నా కొలతకీ పెద్ద తేడా లేదండి, టీచర్ గారూ. ఆయన్ని మా అత్తగారు చూసుకుంటారు. ఆ బొద్దు పని నాకు ఇప్పించండి" అంది.

కుదరదన్నాను. ఆ వేషం మీ ఇంట్లో ఒకరిని తినేసింది, ఇంకొకరిని నా చేతులతో అందులో పెట్టి కొక్కేలు బిగించలేనన్నాను. ఆమె కోప్పడలేదు.

"తెలుసండి. ఇంకేం పని ఇప్పిస్తారు మరి?" అంది.

నాలుగు రోజుల తర్వాత ఆమె కాంట్రాక్టరు ద్వారానే వచ్చి చేరింది. చేర్చుకోవడం, తీసేయడం ఇన్‌ఛార్జి చేతిలో ఉండవు. ఆరోజు నేను నా హోదా పక్కనపెట్టి ఆమెకి తోడుగా నిలబడతానన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఒక జీతం మిగులుతుంది కదా. ఈల కూడా మళ్ళీ మెడలో వేసుకున్నాను. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, అంటే వినే ఓపిక నాకు అప్పటికి లేదు.

మొదటిరోజు మూడో పాట మొదలైంది. పిల్లలు స్టెప్పు, స్టెప్పు అని అరిచారు. రమీజా పంజాలెత్తి నెత్తిన పెట్టుకోబోయింది. జానీ దగ్గర చూసి నేర్చుకుందో, వీడియోలో చూసి నేర్చుకుందో, అచ్చం అతనిలాగే చెవుల దగ్గర ఆగింది. పిల్లలు పగలబడి నవ్వారు. పక్కనే నిలబడి చూస్తున్నాను, అంతా తెలిసినదాన్ని, అయినా అది ఆటో ఆపదో నేను చెప్పలేకపోయాను. దగ్గరికి వెళ్ళి ఎలుగుబంటి నోటి జాలీకి నోరు ఆనించి, "బాగానే ఉన్నావా అమ్మా?" అని అడిగాను. లోపల్నుంచి "బాగానే ఉన్నానండి" అంది. మాట్లాడకూడదనే రూలు ఆ రకంగా మేమిద్దరం రోజూ తప్పాం. వన్స్ మోర్ అన్న ప్రతిసారీ ఈల ఊది ఆమెను లోపలికి తీసుకెళ్ళాను. బొద్దుకి మునుపటి ఊపు లేదని జనం అనుకున్నారట.

పదవీ విరమణ రోజు వరకూ అలాగే చేశాను. ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగింది చాలా తక్కువ. వేషంలో ఉన్న మనిషికి తనదంటూ ఒక సైగ ఉండదు. ఏం చేసినా అది వేషం చేసినట్టే లెక్క. పడిపోయినా ఆటే, పిలిచినా ఆటే. కాబట్టి లోపలివాళ్ళు పిలుస్తారని ఎదురుచూడకూడదు. దగ్గరికి వెళ్ళి అడగాలి, పాట కాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. నేను దిగేముందు ఇది ఆఫీసులో చెప్పాను. మంచి సలహా మేడం అన్నారు.

ఈ వేసవికి కూడా బొద్దు వేషంలో రమీజాయే ఉంది. పక్కన తోడుగా ఎవరు నడుస్తున్నారో నాకు తెలియదు.